ఫోర్డ్ వర్సెస్ ఫెరారీ: గెలిచినోడు ఏమైపాయె?

వెనకాల గర్రుమని సౌండ్ వస్తాంటే ఏమీ అనుకోవద్దండి, మా ఇంటి పక్కనే బండల పాలిష్ ఫ్యాక్టరీ. కొలిమిగుండ్లలో సప్పుడు లేకుండా వీడియో తీయాలంటే రెండే దార్లు. అర్ధరాత్రి దాటినాక తీయాల, లేదంటే బెలుం గుహల్లోకి దిగి తీయాల. గుహల్లో సిగ్నల్ ఉండదు, అర్ధరాత్రి నాకు నిద్ర వస్తాది. కాబట్టి సర్దుకోండి.

ఈ రోజు ఒక సినిమా గురించి. కొత్తదేం కాదు, 2019లో వచ్చింది. ఫోర్డ్ వర్సెస్ ఫెరారీ. మాట్ డేమన్, క్రిస్టియన్ బేల్. డైరెక్టర్ జేమ్స్ మ్యాంగోల్డ్. రెండు ఆస్కార్లు వచ్చినాయి, ఒకటి ఎడిటింగ్‌కి, ఒకటి సౌండ్ ఎడిటింగ్‌కి. ఆ రెండూ రావాల్సినవే, దాంట్లో నాకు పేచీ లేదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూస్తే ఆ ఇంజన్ సౌండ్‌కి ఒళ్ళు జలదరిస్తాది. నేను మొదటిసారి హైదరాబాద్‌లో కోచింగ్‌కి ఉన్నప్పుడు హాస్టల్లో చూసినా. ఆఖర్లో ఏడ్చినా. సిగ్గేం లేదు చెప్పడానికి.

అది 2023. ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ రేస్ జరిగింది, గుర్తుందా? జాన్ ఎరిక్ వెర్న్ గెలిచినాడు. టికెట్ కొనే స్థోమత మాకు లేదు. నేను, ఇంకో ఇద్దరం, ఏదో ఒక సందులోనుంచి కనపడకపోతాదా అని పోయినాము. కనపడలేదు. కనీసం సౌండన్నా వింటామనుకుంటే అవి కరెంటు బండ్లు, గుయ్ మని ఒక ఈల లాంటి సౌండ్ తప్ప ఏం లేదు. మా వీధిలో పిండి మిల్లు అంతకంటే గట్టిగా మోగుతాది. ఆ నిరాశలో హాస్టల్‌కి వచ్చి, రేసింగ్ సినిమాలు ఏమున్నాయో వెతికితే ఇది దొరికింది. అట్ల మొదలైంది నా పిచ్చి.

మరి ఇప్పుడు బాధ ఏంది అంటే, ఈ సంక్రాంతికి మా నాయనకు చూపించినా. అక్కడ చెడింది కథ.

సినిమా చూడనివాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెప్తా. అమెరికాలో ఫోర్డ్ కంపెనీ 1963లో ఇటలీ ఫెరారీని కొనాలని చూసింది. చివరి నిమిషంలో ఎన్జో ఫెరారీ కుదరదు పొమ్మన్నాడు. హెన్రీ ఫోర్డ్ మనవడు, రెండో హెన్రీ ఫోర్డ్, ఆయనకు పౌరుషం వచ్చింది. ఫ్రాన్స్‌లో లె మాన్ అనే ఊర్లో 24 గంటల రేస్ ఉంటాది, అది ఫెరారీ వాళ్ళు ఏటేటా గెలుస్తాన్నారు. దాంట్లోనే వాళ్ళను ఓడించాలని కూర్చున్నాడు. ఆ పని క్యారల్ షెల్బీకి అప్పగించినారు. షెల్బీ, తన దోస్తు కెన్ మైల్స్ అనే డ్రైవర్, ఇద్దరూ కలిసి జీటీ40 బండిని గెలిచే బండిగా చేసినారు. 1966లో ఫోర్డ్ గెలిచింది. కానీ మైల్స్ గెలవలేదు. ముందున్న మైల్స్‌ని కంపెనీవాళ్ళు స్లో చేయమని, మూడు ఫోర్డ్ బండ్లు ఒకేసారి గీత దాటితే ఫోటో బాగుంటాదని చెప్పినారు. ఆయన ఒప్పుకుని ఆగితే, రూల్ ఏదో చెప్పి పక్క బండిని విన్నర్ అన్నారు. రెండు నెలలకే టెస్టింగ్‌లో మైల్స్ చనిపోయినాడు. ఇదీ సినిమా.

మా నాయనకు ఇంగ్లీషు రాదు. ఫోన్‌ని టీవీకి కనెక్ట్ చేసి, పక్కన కూర్చుని సబ్‌టైటిల్స్ చదువుతూ నేను చెప్తాన్నా. మా మామ కూడా ఉన్నాడు, తాడిపత్రిలో లారీ మెకానిక్. మామకు బ్రేకుల సీన్ భలే నచ్చింది. ఎందుకంటే ఆయన జీవితం మొత్తం అదే పని. నాపరాళ్ళ లోడుతో లారీ ఘాట్ దిగుతాంటే డ్రమ్ములు కాలి పొగ వస్తాది, అప్పుడు ఆపి చల్లారనీయాల. లె మాన్‌లో దానికి రివర్స్. మ్యుల్సాన్ అని అప్పట్లో ఆరు కిలోమీటర్ల నిటారు రోడ్డు. అక్కడ గంటకు 330 కిలోమీటర్ల స్పీడు దాటేవాళ్ళు, గాలికి బ్రేక్ డిస్క్ చల్లగా అయిపోయేది. చివర్న సందు తిరగాలి కాబట్టి ఒక్కసారిగా బ్రేక్ వేస్తే ఎర్రగా కాలేది. చల్లది వేడి, వేడిది చల్లన, 24 గంటలు ఇట్లనే. డిస్క్ పగలకుండా ఉంటాదా? ఫోర్డ్ బండి బరువు కూడా ఎక్కువ, ఏడు లీటర్ల ఇంజన్ మరి. ఫిల్ రెమింగ్టన్ అనే ఆయన డిస్కులు టపటపా మార్చేట్లు ఏర్పాటు చేసినాడు. ఇది నిజంగా జరిగింది. మా మామ ఆ సీన్ మూడుసార్లు వెనక్కి తిప్పించినాడు.

ఇక క్లైమాక్స్. మైల్స్ ఓడిపోయినాడని చెప్పగానే మామ, "అన్యాయం రా" అన్నాడు. మా నాయన మాత్రం ఏం మాట్లాడలేదు. కాసేపుండి అడిగినాడు.

"మరి గెలిచినోడు ఎవుడురా?"

నేను బ్రూస్ మెక్‌లారెన్ అన్నా. "యాడ చూపించినాడు?" అన్నాడు. నేను వెనక్కి తిప్పినా. ముందుకు తిప్పినా. ఒక మూడు నాలుగు సెకన్లు కనపడతాడు. అంతే. రెండున్నర గంటల సినిమా ఒక రేస్ గురించి తీసి, ఆ రేస్ గెలిచినవాడికి ఒక్క డైలాగ్ సరిగ్గా లేదు. నేను అన్నిసార్లు చూసినానే, నాకు ఆ ప్రశ్న ఒక్కసారి కూడా రాలేదు. ఎనిమిదో తరగతి చదివిన మా నాయనకు మొదటిసారే వచ్చింది.

ఎందుకు వచ్చిందో చెప్పాలంటే మా ఇంటి కథ చెప్పాల. కొంచెం ఓపిక పట్టండి.

మన సైడు బండలాగుడు పోటీలు మీకు తెలుసు కదా. కోస్తా వాళ్ళకు, తెలంగాణలో కొందరికి కూడా తెలుసు. తెలియని సిటీ పిల్లల కోసం: తిరుణాలప్పుడు ఎద్దుల జతకు ఒక పెద్ద బండ కట్టి లాగిస్తారు. ఎవరు ముందు పోతారనేది కాదు పోటీ. అందరికీ టైము ఒకటే, 20 నిమిషాలు అనుకోండి. ఆ టైములో ఎవరి జత ఎక్కువ దూరం లాగితే వాళ్ళు గెలిచినట్టు. టేపు పెట్టి అడుగులు, అంగుళాలు కొలుస్తారు. ఎద్దుల పళ్ళు లెక్కబెట్టి విభాగాలు ఉంటాయి, రెండు పళ్ళవి, నాలుగు పళ్ళవి, ఆరు పళ్ళవి అని. ఎవరు ముందు లాగాలో చీటీలు వేసి తీస్తారు.

ఇప్పుడు లె మాన్ రూల్ చెప్తా వినండి. టైము అందరికీ ఒకటే, 24 గంటలు. ఎవరి బండి ఎక్కువ దూరం తిరిగితే వాళ్ళు గెలిచినట్టు. అచ్చం బండలాగుడే! ఈ ముక్క అర్థమైతే సినిమా ఆఖర్లో ఏం జరిగిందో మీకు ఐదు నిమిషాల్లో అర్థమైపోతాది. సినిమా మాత్రం ఎవరో ఆఫీసరు వచ్చి పుస్తకంలోంచి ఏదో దొంగ రూల్ తీసినట్టు చూపిస్తాది. కాదు. ఆ రేసుకు పునాదే ఆ రూలు.

మొన్న 2025 జనవరిలో అజిత్ టీమ్ దుబాయ్‌లో 24 గంటల రేసులో తన క్లాసులో మూడో స్థానం తెచ్చుకుంది కదా, మీరు రీల్స్ చూసుంటారు. అదీ ఇదే రకం. ఒకే బండి, డ్రైవర్లు మారుతూ ఉంటారు. ఒక డ్రైవర్ హీరో అయ్యే ఆట కాదిది. 1966లో మైల్స్ బండిలో కూడా ఇంకో డ్రైవర్ ఉన్నాడు, డెనీ హల్మ్. మరుసటి సంవత్సరం 1967లో ఫార్ములా వన్ వరల్డ్ ఛాంపియన్ అయినాడు. సినిమాలో ఆయన ఎక్కడ? దుర్భిణి వేసి వెతకాల.

సరే, మా ఇంటి కథ. నాకు ఆరేడేళ్ళప్పుడు మా నాయన జత పక్కూరి తిరుణాలలో లాగింది. ఆరు పళ్ళ విభాగం. తొమ్మిది అంగుళాల తేడాతో రెండో బహుమతి వచ్చింది. తొమ్మిది అంగుళాలు! ఇంత. (చేత్తో చూపిస్తూ) అప్పటినుంచి మా ఇంట్లో ఎవరు వచ్చినా ఆ కథే. విజిల్ ముందే ఊదినారు, టేపు వదులుగా పట్టినారు, గెలిచినోళ్ళ బంధువే కొలిచినాడు. నేను కూడా స్కూల్లో అదే చెప్పుకుని తిరిగినా. మమ్మల్ని మోసం చేసినారు అని. గెలిచిన జత ఎవరిది, వాళ్ళ ఎద్దులు ఎట్లుంటాయి, వాళ్ళు ఎట్ల లాగినారు, ఇవేవీ మా కథలో లేవు. వాళ్ళకు పేర్లు కూడా లేవు. "ఆ ఊరోళ్ళు" అంతే.

పోయిన ఏడాది నేను ఒక పాలిష్ ఫ్యాక్టరీలో లెక్కలు రాసే పనికి చేరినా. అక్కడ బండలు లోడ్ చేసే ఒకాయన ఆ ఊరివాడే. మాటల్లో తిరుణాల సంగతి వచ్చింది. ఆయన చెప్పింది ఏందంటే, గెలిచిన జతలో ఒక ఎద్దు పందెపు ఎద్దే కాదంట. అసలు ఎద్దుకు కాలు గాయమైతే, సేద్యం చేసే ఎద్దును తెచ్చి జోడు కట్టినారంట. వాళ్ళకు చీటీలో మిట్టమధ్యాహ్నం వచ్చిందంట. మాకు సాయంత్రం, ఎండ తగ్గినాక. ఆ ఎండలో లాగి, సేద్యపు ఎద్దుతో లాగి, మా కంటే తొమ్మిది అంగుళాలు ఎక్కువ పోయినారు. ఆయన ఆ సంగతి ఎంత సంబరంగా చెప్పినాడో! వాళ్ళ ఊర్లో అదొక పెద్ద కథ. మా ఇంట్లో చెప్పే కథలో మటుకు ఎండనే లేదు.

నేను ఇంటికొచ్చి మా నాయనకు ఆ సంగతి చెప్పినా. ఆయన అన్నం తింటాన్నాడు. ఒక్క మాట మాట్లాడకుండా లేచి చేయి కడుక్కున్నాడు. ఆ తర్వాత ఆ విషయం మేమిద్దరం ఎత్తలేదు. ఈ సినిమా దాకా.

కాబట్టి "గెలిచినోడు ఎవుడురా" అని ఆయన అడిగితే నాకు ఎట్లుంటాదో ఆలోచించండి. ఆ రాత్రి నుంచి నేను చదవడం మొదలుపెట్టినా. చదివేకొద్దీ సినిమా మీద కోపం పెరిగింది. ఇప్పుడు ఆ సంగతులు చెప్తా.

బ్రూస్ మెక్‌లారెన్ అప్పటికి 28 ఏళ్ళోడు. న్యూజీలాండ్. చిన్నప్పుడు తుంటి ఎముకకు జబ్బు చేసి ఒక కాలు పొట్టిగా ఉండిపోయింది. ఆయనతో ఆ బండి నడిపిన క్రిస్ ఏమన్‌కి 22 ఏళ్ళు, ఆయనదీ న్యూజీలాండే. డెనీ హల్మ్‌దీ అదే దేశం. అంటే ఫస్ట్, సెకండ్ వచ్చిన రెండు బండ్లలో నలుగురు డ్రైవర్లుంటే ముగ్గురు ఒకే చిన్న దేశం వాళ్ళు. నాలుగో వాడు, అంటే మైల్స్, ఇంగ్లండ్‌లో పుట్టినోడు. ఇది అమెరికా వాళ్ళ గెలుపు అని జెండాలు ఊపుతాన్నారే, స్టీరింగ్ పట్టుకున్నది వీళ్ళు. ఈ ఒక్క సంగతి మీదనే ఒక సినిమా తీయొచ్చు.

ఆ రేసులో మెక్‌లారెన్ బండికి మొదట ఫైర్‌స్టోన్ టైర్లు. ఆయనకు వాళ్ళతో కాంట్రాక్టు. రేస్ మొదలైన కాసేపటికే టైరు పైన తొక్కు ఊడిపోవడం మొదలైంది. మాటిమాటికి పిట్‌లోకి రావడం, మార్చడం, వెనకబడటం. చివరికి రేస్ మధ్యలో గుడ్‌ఇయర్ టైర్లకు మారినారు. అక్కడి నుంచి రాత్రంతా, వానలో, తరుముకుంటూ వచ్చి ముందు వరుసలోకి చేరినారు. మైల్స్ ముందుకు పోవడం ఎంత గొప్పో, వెనకబడినవాళ్ళు అట్ల రావడం కూడా అంతే గొప్ప. ఇది మిట్టమధ్యాహ్నం ఎండలో సేద్యపు ఎద్దుతో లాగినట్టు. సినిమాలో ఒక్క సీన్ లేదు!

ఇక స్లో చేయమన్న సంగతి. సినిమాలో లియో బీబీ అని ఫోర్డ్ ఆఫీసరు ఉంటాడు, మొదటి నుంచి మైల్స్ అంటే పడదు, సూటు వేసుకున్న విలన్. మన సినిమాల్లో ఎమ్మెల్యే బామ్మర్ది ఉంటాడే, ఆ టైపు. ఆ ఆర్డర్ ఇచ్చింది బీబీనే, అది నిజం. కానీ ఎందుకిచ్చినాడో చూడండి. ఆ రేసుకు ఫోర్డ్ పెద్ద ఇంజన్ బండ్లు ఎనిమిది దించింది. ఆఖర్న మిగిలినవి మూడు. ఐదు దారిలోనే పోయినాయి. చిన్న ఇంజన్ జీటీ40లు ఇంకో ఐదు దిగితే ఒక్కటి కూడా చివరిదాకా రాలేదు. పదమూడులో మూడు. పోటీకి వచ్చిన ఫెరారీ వాళ్ళ పెద్ద బండ్లన్నీ అప్పటికే ఆగిపోయినాయి. ఇంకా ఒకళ్ళనొకళ్ళు తరుముకుంటా ఈ మూడూ పగలగొట్టుకుంటే? ఫోర్డ్ వాళ్ళు మూడేళ్ళు పెట్టిన డబ్బు, పని అంతా గంగపాలు. మీరు ఆ కుర్చీలో ఉంటే ఏం చేస్తారు? నేనైతే నేను కూడా స్లోగా రండి నాయనా అనే అంటాను. ఆ ఫోటో పిచ్చి మాత్రం తెలివితక్కువదే, ఒప్పుకుంటా.

ఎందుకు తెలివితక్కువదంటే, రూల్ వల్ల. ఆ రోజుల్లో లె మాన్‌లో బండ్లను పిట్ గోడ వెంబడి వరసగా ఏటవాలుగా నిలబెట్టేవాళ్ళు. డ్రైవర్లు రోడ్డుకు అవతల నిలబడి, జెండా ఊపగానే పరిగెత్తుకుంటూ వచ్చి ఎక్కి స్టార్ట్ చేసేవాళ్ళు. క్వాలిఫైయింగ్‌లో ఫాస్ట్‌గా పోయినవాళ్ళ బండి ముందు. మైల్స్ బండి ముందుంది, మెక్‌లారెన్ బండి కొన్ని మీటర్లు వెనక. ఇప్పుడు ఇద్దరూ అన్నే రౌండ్లు తిరిగి ఒకేసారి గీత దాటినారనుకోండి. ఎవరు ఎక్కువ దూరం పోయినట్టు? వెనక నుంచి మొదలైనవాడే కదా. బండలాగుడు తెలిసిన చిన్నపిల్లోడిని అడిగినా చెప్తాడు. టేపు పట్టినారు, వెనకోడు గెలిచినాడు. మైల్స్ క్వాలిఫైయింగ్‌లో బాగా నడపడమే ఆయనకు దెబ్బ అయింది. దీన్ని మించిన ట్విస్ట్ ఏ రైటర్ రాస్తాడు? సినిమా దీన్ని వివరించకుండా, ఎవరో గొంతు కోసినట్టు చూపించి వదిలేసింది. ఈ రూల్ సంగతి ఫోర్డ్ వాళ్ళలో ఎవరికి ఎప్పుడు తెలిసింది, గీత దగ్గర మైల్స్ కావాలని వెనక్కి తగ్గినాడా, మెక్‌లారెన్ కావాలని ముందుకొచ్చినాడా, వీటి మీద ఇప్పటికీ కొట్లాడుకుంటానే ఉన్నారు జనం.

ఒక మాట. మైల్స్‌ని నేను తక్కువ చేయట్లేదు. ఆ సంవత్సరం డేటోనా 24 గంటలు గెలిచినాడు, సెబ్రింగ్ 12 గంటలు గెలిచినాడు. లె మాన్ కూడా గెలిచుంటే ఒకే ఏడాదిలో మూడూ గెలిచిన మొదటివాడు అయ్యేవాడు. ఆ నొప్పి నిజం. కానీ సెబ్రింగ్ ఎట్ల గెలిచినాడో తెలుసా? చివరి రౌండ్‌లో డాన్ గర్నీ ముందున్నాడు. ఇదిగో గీత అనంగా ఇంజన్ ఆగిపోయింది. గర్నీ దిగి బండిని తోసుకుంటూ వచ్చినాడు. తోయకూడదని రూల్, డిస్‌క్వాలిఫై చేసినారు. మైల్స్ జత విన్నర్. మూడు నెలల ముందు రూలు ఆయన పక్కన నిలబడింది, మూడు నెలల తర్వాత ఎదురు తిరిగింది. సినిమాలో డేటోనా ఉంది. సెబ్రింగ్ లేదు. ఎందుకు లేదో మీరే అనుకోండి.

ఇంకా ఉన్నాయి, గబగబా చెప్తా. సినిమాలో మైల్స్‌ని మొదట లె మాన్‌కి తీసుకుపోరు, పాపం గ్యారేజీలో రేడియో వింటూ ఉంటాడు. ఆ సీన్‌కే నేను హాస్టల్లో సగం ఏడ్చింది. అసలు 1965లో ఆయన లె మాన్‌లోనే ఉన్నాడు, బండి నడిపినాడు. పక్కన ఇంకో డ్రైవర్ ఎవరో తెలుసా? బ్రూస్ మెక్‌లారెన్! ఇద్దరూ ఒకే బండి. గేర్‌బాక్స్ పోయింది. ఏడాది ముందు ఒకే స్టీరింగ్ పంచుకున్న ఇద్దరు, ఏడాది తర్వాత కొన్ని మీటర్ల తేడాతో ఒకడు చరిత్రలో, ఒకడు బయట. ఇంత మంచి కథను పారేసి, రేడియో చేతికిచ్చినారు. ఎన్జో ఫెరారీ గ్యాలరీలో నిలబడి మైల్స్‌కి టోపీ తీసి నమస్కారం పెట్టేది కూడా కట్టుకథే, ఆయన ఆ రోజు లె మాన్‌కి రాలేదు.

"సినిమా అన్నాక కొంచెం మారుస్తారు బ్రో" అంటారు. ఒప్పుకుంటా. మన దగ్గర మార్చనిదెవరు? ఒకటి ఊహించుకోండి. కోయంబత్తూర్‌లో తెలుగు మాట్లాడే నాయుళ్ళు ఎందరో ఉన్నారు, మిల్లులు పెట్టినవాళ్ళు. ఆ లక్ష్మీ మిల్స్ కుటుంబంలో ఎస్. కరివర్ధన్ అని ఒకాయన. రేసులు నడిపినాడు, అంతటితో ఆగకుండా మారుతి 800 ఇంజన్‌తో తక్కువ ఖర్చులో ఫార్ములా మారుతి అని రేస్ కారు తయారు చేసినాడు. మామూలు కుర్రోళ్ళు కూడా రేసింగ్‌లోకి రావడానికి అది దారి అయింది. 1995లో చిన్న విమానం కూలి చనిపోయినాడు. అక్కడ కరి మోటార్ స్పీడ్‌వే అని ట్రాక్ ఉంది కదా, ఆయన పేరే. అదే ఊరి నారాయణ్ కార్తికేయన్ ఫార్ములా మారుతితోనే మొదలుపెట్టి, 2005లో ఫార్ములా వన్‌లో దిగిన మొదటి ఇండియన్ అయినాడు.

రేపు మనోళ్ళు నారాయణ్ మీద సినిమా తీస్తే క్లైమాక్స్ ఏం పెడతారు? 2005 ఇండియానాపోలిస్, నాలుగో స్థానం. స్లో మోషన్, జెండా, బీజీఎం. కానీ ఆ రోజు గ్రిడ్‌లో 20 బండ్లుంటే, టైర్లు భద్రం కాదని మిషెలిన్ టైర్ల టీములన్నీ ఫార్మేషన్ ల్యాప్ తిరిగి లోపలికి పోయినాయి. రేస్ చేసింది ఆరు బండ్లు. ఆరిట్లో నాలుగు. ఆ పద్నాలుగు బండ్లను సినిమాలో చూపిస్తారా? చూపిస్తే నారాయణ్ చిన్నోడైపోతాడా? నాకైతే కాదనిపిస్తాది. జనం ఈలలు వేస్తా బాటిళ్ళు విసిరేస్తాంటే, ఆ ఖాళీ ట్రాక్ మీద తన పని తాను చేసి పాయింట్లు తెచ్చుకున్న కుర్రోడు నాకు ఇంకా ఎక్కువ కనపడతాడు. కానీ మా రేడియో సీన్ రాసిన రైటర్ ఉంటే పద్నాలుగు బండ్లు మాయం.

నాకు అన్నిటికంటే ఎక్కువ మండిన సంగతి ఆఖరుది. మైల్స్ చావు. సినిమాలో బ్రేకులు పట్టక బండి పోతాది, మంట, కొడుకు చూస్తాడు, బ్లాక్. తర్వాత షెల్బీ కన్నీళ్ళు. అయిపోయింది. అసలు జరిగింది ఇది. 1966 ఆగస్టు 17, కాలిఫోర్నియాలో రివర్‌సైడ్ ట్రాక్. ఆయన నడుపుతాన్నది జే కార్ అని కొత్త బండి. బాడీ బరువు తగ్గించడానికి తేనెపట్టు గదుల్లాంటి అల్యూమినియం రేకులు గమ్‌తో అతికించి చేసినారు. స్పీడ్‌లో అదుపు తప్పి ఎగిరి ముక్కలైపోయింది. కారణం ఇదీ అని తేలనే లేదు. ఆ తర్వాత ఫోర్డ్ వాళ్ళు ఆ బండి లోపల గట్టి స్టీలు పైపుల పంజరం పెట్టినారు. అదే మార్క్ 4. 1967 లె మాన్ డాన్ గర్నీ, ఏ.జె. ఫోయిట్ ఆ బండితోనే గెలిచినారు. అదే రేసులో, అదే రకం బండిలో, మారియో ఆండ్రెట్టి రాత్రి పూట ఘోరంగా గుద్దుకుని బతికి బయటపడినాడు. ఆ పంజరం ఉండబట్టి. మైల్స్ పోయినాక పెట్టిన పంజరం.

మా మామకు ఈ సంగతి చెప్తే కాసేపు ఏం మాట్లాడలేదు. ఆయన కళ్ళ ముందు పోయిన డ్రైవర్లున్నారు. బండల లోడు వెనక నుంచి క్యాబిన్ మీదికి వచ్చి పోయినవాళ్ళు. "అది చూపించాల్సింది కదరా" అన్నాడు. "మనిషి పోయినాక ఆ బండిలో ఏం మార్చినారో, అదే కదా చూపించాల్సింది." మెక్‌లారెన్ కూడా అట్లనే పోయినాడు, 1970 జూన్ 2న, ఇంగ్లండ్‌లో గుడ్‌వుడ్ ట్రాక్ మీద టెస్టింగ్ చేస్తా. 32 ఏళ్ళు. గెలిచినోడు, ఓడినోడు, ఇద్దరూ ఖాళీ ట్రాక్ మీద, జనం లేని రోజు, బండిని బాగు చేసే పనిలోనే పోయినారు. ఆయన పెట్టిన టీమ్ ఇప్పటికీ ఫార్ములా వన్‌లో ఉంది, 2024లో కన్‌స్ట్రక్టర్స్ టైటిల్ కూడా కొట్టింది. మీలో సగం మంది వాల్‌పేపర్ ఆ ఆరెంజ్ బండే.

(లారీ హారన్) ఒక్క నిమిషం. ఈ లారీ పోనీండి.

హా. సినిమా చూడొద్దని నేను చెప్పట్లేదు. చూడండి. సౌండ్ కోసం చూడండి, బేల్ కోసం చూడండి. నేను కూడా మళ్ళీ చూస్తా, కానీ ఇంతకుముందు లాగా ఏడుపు రాదేమో. అదే నా బాధ.

ఇదంతా చదివి మా నాయనకు ముక్కముక్కగా చెప్తా వచ్చినా, ఒక వారం పాటు. టైర్ల సంగతి చెప్పినప్పుడు "ఓహో" అన్నాడు. వెనక నుంచి మొదలైన సంగతి చెప్పినప్పుడు మాత్రం వేళ్ళతో మంచం పట్టె మీద కొలిచి చూసుకున్నాడు, ఇక్కడొకటి, అక్కడొకటి అని. "సరిగ్గానే కొలిచినారు" అన్నాడు. నేను ఇంకేం అనలేదు. లైటు తీసేసి పడుకోబోతాంటే, చీకట్లోనే, నన్ను చూడకుండా అన్నాడు.

"ఆ పొద్దు ఎండ గట్టిగానే ఉండెలే."

అంతే అండి ఈ రోజుకి. మీ ఊర్లో బండలాగుడు ఎప్పుడో కింద రాయండి, వచ్చే వీడియో అక్కడికొచ్చి తీద్దాం. ఉంటా మరి.